కొండదారికి కేయెన్ కారు: ఏ మార్పులు అవసరం?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు. మనం వెళ్ళినప్పుడు సెలవురోజుల్లో కొండలకూ, ఎడారి దారులకూ తీసుకువెళుతున్నారు. "పెద్ద బండి నాన్నా, ఎక్కడికైనా పోతుంది" అంటారు. ఆ బండిలో వెనక సీట్లో కూర్చునేది మనమూ, మన మనవలూ. కనుక ఆ మాట ఎంతవరకు నిజమో తెలుసుకోవడం మన బాధ్యత. వర్క్‌షాపులో పనిచేసినవాణ్ణి గనుక నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఉదాహరణకు పోర్షె కంపెనీవారి కేయెన్ బండిని తీసుకుందాం. 2002లో వచ్చిన ఈ బండి వేగానికి పేరుపొందింది. అందులో టర్బో రకానికి 450 గుర్రాల శక్తి. పాతబడిన కేయెన్లు ఇప్పుడు అక్కడ కొత్త చిన్నకారు కన్న చవకగా దొరుకుతున్నాయి. అందుకే కుర్రవాళ్ళు కొని, మట్టిదారులకు తగినట్లు మార్చుకుంటున్నారు.

మన శాఖ జీపుల్లో గేరు రాడ్డు పక్కన మరో చిన్న లీవరు ఉండేది, జ్ఞాపకముందా? బురదలోనూ, ఎత్తులోనూ అది వేస్తే చక్రాలు మెల్లగా, బలంగా తిరిగేవి. మొదటి తరం కేయెన్‌లో ఆ లో గేరు సదుపాయం ఉంది. 2010లో వచ్చిన రెండవ తరంలో దాన్ని తీసివేశారు. ఇది చిన్న విషయం కాదు. యూటా రాష్ట్రంలోని కేన్యన్‌లాండ్స్ జాతీయ వనంలో వైట్ రిమ్ అనే సుమారు 160 కిలోమీటర్ల మట్టిదారి ఉంది. నేలకు బాగా ఎత్తుగా ఉండి, లో గేరు గల నాలుగు చక్రాల బండి ఉంటేనే అక్కడికి రావాలని వనం అధికారుల నిబంధన. ముందుగా పర్మిట్ కూడా తీసుకోవాలి. అందుచేత కొనేముందే ఏ తరం బండో చూసుకోవాలి.

ఇక మార్పుల సంగతి. అన్నిటికన్న ముందు టైర్లు. షోకు కోసం వేసే 21 అంగుళాల చక్రానికి 295/35 టైరు వస్తుంది. దాని పక్కగోడ ఎత్తు సుమారు 103 మిల్లీమీటర్లే. రాయి తగిలితే రిమ్ము వంగుతుంది, టైరు పగులుతుంది. అదే 18 అంగుళాల చక్రానికి 255/55 టైరు వేస్తే పక్కగోడ 140 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ కొలతలోనే మట్టికీ, తారుకూ పనికివచ్చే గట్టి రకం టైరు వేయించాలి. మోయగలిగే బరువు కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. బండి రెండు టన్నులు దాటి ఉంటుంది.

కొందరు ఇంకా పెద్దదైన 265/60 టైరు వేస్తారు. దానివల్ల బండి లేచేది సుమారు 19 మిల్లీమీటర్లు. కాని చక్రం తిప్పినప్పుడు లోపలి గోడకు ఒరుసుకొనే ప్రమాదం ఉంది. స్పీడోమీటరు కూడా అసలు వేగం కన్న సుమారు ఐదు శాతం తక్కువ చూపుతుంది.

రెండవది అడుగు భాగం. ఇంజను చమురు తొట్టికీ, గేరుబాక్సుకూ కింద గట్టి రేకు కవచం బిగించాలి. ముందూ వెనకా బలమైన లాగుడు కొక్కేలు ఉండాలి. చాలా కేయెన్లలో స్టెప్నీగా గాలి తీసి మడిచిపెట్టిన సన్నటైరు ఇస్తారు. అది రాళ్ళదారికి పనికిరాదు. పూర్తి కొలత టైరు వెంట ఉండాలి.

మూడవది ఎత్తు. గాలి సస్పెన్షన్ ఉన్న బండి మీట నొక్కితే మామూలు 217 మిల్లీమీటర్ల నుంచి 273 దాకా లేస్తుంది. అంత ఎత్తులో మెల్లగానే నడపాలి. తేలికపాటి దారులకు అది చాలు. స్ప్రింగుల కింద దిమ్మలు పెట్టి మరీ లేపితే ఇరుసుల కీళ్ళ కోణం మారి త్వరగా అరుగుతాయి. పైకప్పు మీద గుడారం, సామాను, డబ్బాలు ఎక్కిస్తే పక్కవాలులో బండి ఒరిగే భయం పెరుగుతుంది.

2007లో మాస్కో నుంచి మంగోలియాలోని ఉలాన్ బాతర్ దాకా సాగిన ట్రాన్స్‌సైబీరియా ర్యాలీలో కేయెన్ బండ్లు గెలిచాయి. వాటిలో కూడా ముఖ్యమైన మార్పులు గట్టి టైర్లు, అడుగు కవచం, బలమైన సస్పెన్షన్ చేతులు వంటివే.

అన్నిటికీ మించి పాత బండి ఆరోగ్యం. తొలినాటి వి-8 ఇంజన్లలో చల్లని నీటి గొట్టాలు ప్లాస్టిక్‌వి. వేడికి పెళుసెక్కి పగులుతాయి. అల్యూమినియం గొట్టాలు వేయించారా లేదా అడగండి. వెనక చక్రాలకు శక్తి నందించే పొడవాటి షాఫ్టు మధ్య బేరింగు కూడా చూపించాలి. ఎడారి మధ్యలో ఇంజను వేడెక్కితే పైన వేసిన లైట్లు ఆదుకోవు. కనుక డబ్బు ముందు మరమ్మతుకు, తరువాత టైర్లకు, మిగిలితే కవచానికి.

మట్టిదారిలో టైర్ల గాలి కొంత తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. తారు రోడ్డు ఎక్కేముందు మళ్ళీ నింపాలి. అందుకు చిన్న పంపు ఉంచుకోవాలి. వీలైతే రెండు బండ్లు కలిసి వెళ్ళాలి. తాగునీరు, మన మందులు మరువరాదు. ఏ దారిన వెళుతున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి బయలుదేరాలి.

ఈసారి పిల్లలు రమ్మన్నప్పుడు వద్దనకండి. ఆ కొండలు చూడదగ్గవి. అయితే ఎక్కేముందు ఒకసారి వంగి టైర్లు చూడండి, స్టెప్నీ ఏదని అడగండి.