సిక్స్ బై సిక్స్ వచ్చింది కదా!

కళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పమని పెన్షనర్ల సంఘం వారు పిలిచారు. ఈ హాల్లో చాలామంది అరవై దాటినవారే కాబట్టి, నా ఓపీలో తరచూ వినే ఒక మాటతో మొదలుపెడతాను. "మొన్ననే అద్దాల షాపులో చూపించుకున్నానండీ, సిక్స్ బై సిక్స్ వచ్చింది, ఇంకేం పరీక్షలు?" ఆ మాట వింటే నాకు భయం వేస్తుంది.

గోడ మీది అక్షరాల బోర్డును 1862లో స్నెల్లెన్ అనే డచ్చి వైద్యుడు తయారుచేశాడు. మంచి చూపున్న మనిషి ఆరు మీటర్ల నుంచి చదివే వరసను మీరూ అంత దూరం నుంచే చదివితే 6/6. అతనికి అరవై మీటర్ల నుంచి కనిపించే అక్షరం మీకు ఆరు మీటర్లకు గానీ ఆనకపోతే 6/60. బోర్డు విలువైనదే. కానీ అది కొలిచేది నడిమి చూపును. పక్క చూపు ఎంత మిగిలిందో, కంటిలోపల ఒత్తిడి ఎంతుందో, వెనక రెటీనా, నరం ఎలా ఉన్నాయో అది చెప్పదు.

నీటికాసుల జబ్బు సరిగ్గా ఆ చెప్పని చోటే పెరుగుతుంది. కంటిలో నీరు ఎప్పుడూ ఊరుతూ, ఎప్పటికప్పుడు బయటికి పోతూ ఉండాలి. పోయే దారి మూసుకుపోతే, తూము పూడిన తొట్టిలో లాగా ఒత్తిడి పెరుగుతుంది. పది లక్షలకు పైగా పోగులున్న కంటి నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. ఎక్కువమందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ఒక కంటి లోటును రెండో కన్ను పూడ్చేస్తుంది. గడపలు తట్టుకుంటున్నాయి, పక్క నుంచి వచ్చే స్కూటరు కనపడటం లేదు అనుకునేసరికి నరం చాలావరకు పోయి ఉంటుంది. అప్పటికీ బోర్డు దగ్గర 6/6 రావచ్చు! పోయిన చూపు తిరిగి రాదు; చుక్కల మందైనా, లేజరైనా, ఆపరేషనైనా మిగిలినదాన్ని కాపాడటానికే.

ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ వారు 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా పరీక్షించి ఒక సర్వే చేశారు. అందులో నీటికాసులున్నట్టు తేలినవారిలో అత్యధికులకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఇంకో చిక్కుంది. ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. ఆ లెక్కలోనే ఉండి కూడా నరం దెబ్బతినేవాళ్ళున్నారు. అందుకే అంకె ఒక్కటీ చూసి పంపెయ్యకూడదు, నరాన్ని చూడాలి.

షుగరుదీ ఇదే దారి. రెటీనాలో సన్నటి రక్తనాళాలు చెమర్చడం మొదలై చాలాకాలమైనా, నడిమి భాగానికి వాపు రానంతవరకు చూపు తగ్గదు. పెద్దవయసులో షుగరు బయటపడితే, అది ఎన్నాళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలియదు. కాబట్టి అప్పుడే కళ్ళు చూపించుకోవాలి, ఆపైన ఏటా చూపించుకోవాలి.

శుక్లం గురించి మీకు తెలియనిది తక్కువ. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. "మా నాన్నగారు డెబ్భై ఏళ్ళకు అద్దాలు తీసేసి పేపరు చదువుతున్నారు" అని ఇంటిల్లిపాదీ సంబరపడతారు. చాలాసార్లు అది శుక్లం మొదలైన గుర్తు. లోపలి కటకం గట్టిపడి దగ్గరి చూపు తాత్కాలికంగా బాగుపడుతుంది, దూరపు చూపు మసకబారుతుంది. పూర్తిగా ముదిరాకే తీయించాలన్నది పాతకాలపు మాట. మీ రోజువారీ పనికి అడ్డం వచ్చిందంటే చేయించుకోవచ్చు. మరీ ముదరబెడితే ఆపరేషను కష్టమవుతుంది.

కన్ను ఎర్రబడిందని మందుల షాపులో అడిగి చుక్కలు వేసుకోకండి, ఇది చేతులెత్తి అడుగుతున్నాను. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు త్వరగా తగ్గి హాయిగానే ఉంటుంది. నెలల తరబడి వాడితే ఒత్తిడి పెరుగుతుంది, శుక్లమూ వస్తుంది. కంటిముందు మెరుపులు, ఉన్నట్టుండి నల్లచుక్కల వాన, పక్క నుంచి తెర దిగినట్టుండటం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇకమీదట పరీక్షకు వెళ్ళినప్పుడు మూడు సంగతులు అడగండి: ఒత్తిడి చూశారా, పాప పెద్దదయ్యే చుక్కలు వేసి వెనక భాగం చూశారా, నరం ఎలా ఉంది? ఆ చుక్కలతో కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు ఆనవు, ఎండ చూడలేరు. బండి నడపకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి. పాత చీటీలన్నీ పట్టుకెళ్ళండి, నిరుటి నరానికీ ఇప్పటి నరానికీ తేడా పట్టుకోవడంలోనే మా పని సగం ఉంది. మీలో ఎవరికైనా ఇప్పటికే నీటికాసులున్నాయని తేలి ఉంటే, మీ అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ పిల్లలకూ ఆ ప్రమాదం ఎక్కువ. ఇంటికెళ్ళగానే వాళ్ళకు ఫోన్ చేసి చెప్పండి.