ఆగవలసిన చోట ఆగని సైకిలు



గోడకు జేరవేసిన పాత నల్ల సైకిలును జూచినప్పుడు “ఆ కాలపు ఇనుము వేరు, ఆ గట్టితనము వేరు” అని మనము చెప్పుకొనుట కలదు. ఆ మాటలో నిజము లేకపోలేదు. అయినను గట్టితనము వేరు, నమ్మిక వేరు. తీరికవేళ చక్కగా పనిచేసి, అవసరము వచ్చినప్పుడు చేయిచ్చు వస్తువు ఎంత గట్టిదైన నేమి ఫలము? సైకిలు చరిత్రలో అట్టి వస్తువులు కొన్ని కలవు. వానిని వదలుకొన్నందులకు సైకిలు తొక్కువారు విచారింపలేదు. వానిని గూర్చి మనవి చేసెదను.

మొదటిది ఎత్తు చక్రపు సైకిలు. 1870 తరువాత ఇది ఇంగ్లండులో ప్రబలెను. గొలుసుతో వెనుక చక్రమును ద్రిప్పు పద్ధతి అప్పటికి వాడుకలోనికి రాలేదు. పెడళ్లు ముందరి చక్రపు ఇరుసునకే బిగింపబడి యుండెడివి. కాలు ఒకమారు తిరిగిన చక్రమును ఒకమారే తిరుగును. కావున వేగము వలయునన్న చక్రమును పెద్దది చేయుటకంటె వేరు దారి లేదు. 50 అంగుళముల చక్రమైనచో ఒక్క చుట్టునకు 13 అడుగులు సాగును. బాగుగనే యున్నది. కాని తొక్కువాడు గుఱ్ఱపు వీపంత ఎత్తున, ఆ చక్రము నెత్తిమీదనే కూర్చుండవలెను. రాయి యడ్డుపడినను, పల్లములో బ్రేకు గట్టిగా నొక్కినను, చక్రము నిలిచిపోయి మనిషి తలక్రిందుగా ముందునకు బడును. ఆగుటకై చేసిన ప్రయత్నమే ప్రమాదమునకు కారణమగుచుండెను! థామస్ స్టీవెన్సు అను నాతడు 1884 మొదలు 1886 వరకు ఇట్టి సైకిలుతోనే భూమిని చుట్టివచ్చెను. ఆ యాత్రలో లాహోరునుండి కలకత్తా వరకు గ్రాండ్ ట్రంకు రోడ్డుపై సాగెను. ఆతని సాహసమునకు జోహారు. కాని ముసలివారికిని, బరువు మోయువారికిని ఆ బండి పనికివచ్చునది కాదు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ కోవెంట్రీ నగరమున గొలుసుతో నడచు ‘రోవరు’ సైకిలును దెచ్చెను. 1888లో డన్‌లప్ గాలి టైరునకు పేటెంటు పొందెను. కొలది యేండ్లలో ఎత్తు చక్రము కనుమరుగయ్యెను.

ఇక మనమెరిగిన నల్ల సైకిలు. ఇది తొలుత రాలీ, హెర్క్యులీసు మున్నగు పేర్లతో ఇంగ్లండునుండి వచ్చినది. పిమ్మట మన దేశమందే తయారయినది. లూధియానాలో హీరో వారి కర్మాగారము 1956లో వెలసెను. హాండిలు క్రింద మీట, మీటనుండి ఇనుపకడ్డీ, కడ్డీ కొనను లాడము వంటి కమాను, దానికి రెండు రబ్బరు ముక్కలు. మీట నొక్కిన కమాను పైకి లేచి, రబ్బరులు రిమ్ము లోపలి వైపున ఒరసికొనును. తీగ లేదు గనుక తెగుట యనునది లేదు. ఊరి కమ్మరియైనను సరిచేయగలడు. ఈ గుణమును నేను తక్కువచేసి చెప్పను. దోషము కడ్డీలో లేదు, రిమ్ములో నున్నది.

ఆ రిమ్ము ఉక్కుది. తుప్పు పట్టకుండ పూత పూసి అద్దమువలె నునుపు చేసియుందురు. ఎండలో రబ్బరు దానిని బాగుగనే పట్టుకొనును. వాన కురిసెనా, రబ్బరునకును ఉక్కునకును నడుమ నీటిపొర చేరును. 1970 తరువాత అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో దీనిని పరీక్షించి చూచిరి. తడిసిన ఉక్కు రిమ్ముపై రబ్బరు పట్టు, పొడిగా నున్నప్పటి పట్టులో సుమారు పదవ వంతునకు దిగిపోవునని తేలినది. శ్రావణమాసమున ఏటిగట్టు దిగుచుండగా, వెనుక ధాన్యపు బస్తా, ఎదుట మలుపులో ఎద్దుబండి. అప్పుడు మీట ఎంత నొక్కినను సైకిలు తన దారిన తాను పోవుచుండును. కాలు నేలకు రాచి ఆపినవారు ఎందరో. చెప్పులరిగిన సంగతి నవ్వుచు చెప్పుకొందుము గాని, కాలు విరిగినవారి సంగతి చెప్పుకొనము.

అల్యూమినియపు రిమ్ములు వచ్చిన పిదప ఈ చిక్కు చాలవరకు తీరినది. తడిలో సైతము ఆ లోహముపై రబ్బరునకు మెరుగైన పట్టు దొరకును. నేటి సైకిళ్లలో కొన్నింటికి బ్రేకు రిమ్మువద్దనే లేదు. ఇరుసుచెంత ఉక్కు పళ్లెము నమర్చి, రెండు బిళ్లలతో దానిని బిగించి ఆపుచున్నారు. చక్రపు టంచుననున్నంత బురద అచ్చటికి చేరదు.

దీపముల సంగతియు నిట్టిదే. తొలుత నూనెదీపము, ఆపై కార్బైడు దీపము. పై యరలోని నీరు క్రింది యరలోని కార్బైడు రాళ్లపై బొట్టుబొట్టుగా బడిన ఎసిటిలీను వాయువు పుట్టి తెల్లగా మండును. వెలుగు మంచిదే, కంపును, దినదినము అర కడుగు పనియు దానితోబాటు వచ్చెడివి. పిమ్మట సీసావంటి డైనమో. దాని తలపైని చిన్న చక్రము టైరు ప్రక్కను రాచుకొని తిరుగగా 6 వోల్టుల, 3 వాట్ల విద్యుత్తు పుట్టును. నూనె కొననక్కరలేదు, నిజమే. కాని ఆ విద్యుత్తు మన కాలి బలమునుండియే రావలెను, అందును చాలభాగము రాపిడిలో వ్యర్థమగును. టైరు తడిసిన జారును. నెమ్మదిగా పోయిన మిణుగురుపురుగే. సైకిలు నిలిచెనా, దీపము పూర్తిగా నారును. చీకటిలో దారి యిచ్చుటకై ఆగిన మంచివాడే లారీ డ్రైవరునకు కనబడడు! దీపము లేదని పోలీసు పట్టుకొన్నప్పుడు “ఆగితిని గనుక ఆరినది బాబూ” అని, చక్రమెత్తి త్రిప్పి వెలిగించి చూపినవారు ఈ ప్రసంగము వినువారిలోనే యుండవచ్చును.

ఇప్పటి ఎల్.ఇ.డి. దీపము కొద్దిపాటి విద్యుత్తుతోనే, సైకిలు నిలిచియున్నను వెలుగును. తెల్లని ఎల్.ఇ.డి. దీపమునకు ఆధారమైన నీలి దీపమును సాధించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెలు బహుమాన మిచ్చిరి.

కాటరు పిన్నును గూర్చి ఒక్క మాట. పెడలు కాడను ఇరుసునకు బిగించు ఈ మేకును సుత్తితోనే ఎక్కింపవలెను, సుత్తితోనే తీయవలెను. వంగినచో రాదు, వదులైనచో ప్రతి చుట్టునకు టకటకలాడును. చదరపు కొనగల ఇరుసు వచ్చి దీని పీడ వదలించినందులకు సైకిలు షాపువారే ఎక్కువ సంతోషించిరి.

ఇంట నల్ల సైకిలున్నవారు దానిని పారవేయనక్కరలేదు. వానకారునకు ముందే బ్రేకు రబ్బరులు మార్పింపుడు. తడిలో మలుపునకు చాల ముందుగనే మీటను కొద్దిగా నొక్కి పట్టిన, రబ్బరు నీటిని తుడిచివేసి కొంత పట్టు దొరకును. వెనుక మడ్గార్డుమీది ఎఱ్ఱని బిళ్లకు మట్టి లేకుండ తుడిపింపుడు. దానిప్రక్క బ్యాటరీతో వెలుగు ఎఱ్ఱని దీపమొకటి కట్టింపుడు. మనుమడు చీకటి పడిన పిదప పట్నమునుండి వచ్చునప్పుడు, అది వెలుగుచున్నదో లేదో మీరే వాకిట నిలిచి చూడుడు.