పాఠం అయ్యాక ఎవరితో మాట్లాడాలి?

తెలుగు మెథడాలజీతో బీఈడీ పట్టా అందుకుంటున్న మీ అందరికీ మనస్ఫూర్తిగా అభినందనలు.

రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ 16 వారాల్లో మీ పాఠాన్ని గమనించేవారు ఉండేవారు. క్లాసయ్యాక కూర్చోబెట్టి మాట్లాడేవారు. ఉద్యోగంలో చేరాక అది ఆగిపోతుంది. చిన్న హైస్కూల్లోనో ఆశ్రమ పాఠశాలలోనో తెలుగుకు మీరొక్కరే ఉంటారు. ఈరోజు చెప్పిన పాఠం పిల్లలకు చేరిందా అని మనసు విప్పి మాట్లాడుకోవడానికి పక్కన మరో తెలుగు మాస్టారు ఉండరు.

శిక్షణకు కొదవ లేదు. ఉపాధ్యాయులు ఏటా కనీసం 50 గంటలు వృత్తి వికాసానికి వెచ్చించాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. దీక్ష పోర్టల్ 2017 నుంచి ఉంది, నిష్ఠ కోర్సులు ఉన్నాయి. అవి చేయండి. కానీ మీ ఆరో తరగతిలో ఒక పాప ఏ మాట దగ్గర ఆగిందో, ఎందుకు ఆగిందో ఏ కోర్సూ చెప్పలేదు. ఆ పాప చదువుతుంటే విని, మిమ్మల్ని ప్రశ్న అడిగే మనిషి కావాలి. ఆ మనిషి మీ ఊళ్లో లేకపోతే ఫోన్లో దొరకాలి. ఆన్‌లైన్ మెంటరింగ్ అని నేను అంటున్నది ఇదే.

ఉట్నూరు వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో ఉన్నారనుకోండి. ఇంట్లో గోండి మాట్లాడే పాప ‘రాత్రి’ని ‘రాతి’ అని చదివింది. ‘ఒత్తులు రావు’ అని మీరు రాసుకున్నారు. పాప చదివింది రెండు నిమిషాలు రికార్డు చేసి పంపితే, అది విన్న మెంటర్ వెంటనే సలహా ఇవ్వరు, ముందు అడుగుతారు: ‘అమ్మ’, ‘చెట్టు’ చదువుతోందా? చదువుతోంది. అయితే ద్విత్వాలు వచ్చు, సంయుక్తాక్షరాల దగ్గరే ఇబ్బంది. ఆ మాట నోటితో ఎలా పలుకుతోంది? దాని అర్థం తెలుసా? ఈ మూడు ప్రశ్నలతో రేపటి పాఠం మారిపోతుంది. ఒత్తులన్నీ మళ్లీ దిద్దించే శ్రమ పాపకూ తప్పుతుంది, మీకూ తప్పుతుంది.

ఇప్పుడు డల్లాస్‌లో వారాంతాల్లో తెలుగు నేర్పే ఒక తల్లిని తలచుకోండి. విదేశాల్లోని పిల్లలకు తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడి 2007లో మొదలైంది. అలాంటి బడుల్లో నేర్పేవారు ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే. ఆమె దగ్గర నేర్చుకునే పిల్లలు ఇంట్లో సగం ఇంగ్లీషులోనే బతుకుతారు. ఉట్నూరు పాపకూ వాళ్లకూ జీవితంలో పోలిక లేదు. గోండు పాపకు తెలుగు బడి పెట్టిన భాష, వాళ్లకు అమ్మమ్మ భాష. అయినా ఆ ఇద్దరు టీచర్ల ముందున్న ప్రశ్న ఒకటే: తెలుగు ముందుగా చెవికి చేరని పిల్లకు అక్షరం ఎలా నేర్పాలి? మనం చదివిన మెథడాలజీ చాలావరకు తెలుగు మాట్లాడుతూ బడికొచ్చే పిల్లల్ని దృష్టిలో పెట్టుకున్నది. అందుకే ఈ ఇద్దరినీ కలపాలని నా గట్టి కోరిక. ఇక్కడ ఆదివారం పొద్దున్న అక్కడ శనివారం రాత్రి. ఇద్దరికీ వీలైన గంట దొరుకుతుంది. ఆమెకు బోధనాపద్ధతి మీరు చెప్పండి. పాటతో, ఆటతో, బొమ్మతో ముందు మాట నేర్పి తర్వాత అక్షరానికి వెళ్లడం ఆమె దగ్గర చూడండి.

కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. మీ పనితీరుపై రిపోర్టు రాసే అధికారి మీకు మెంటర్ కాకూడదు. భయం ఉన్నచోట బాగా వచ్చిన పాఠమే చూపిస్తాం, తడబడినది దాచేస్తాం. రెండు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూప్‌లో ఈ పని జరగదు. ఒకరితో, కనీసం ఒక విద్యాసంవత్సరం, పదిహేను రోజులకోసారి మాట్లాడాలి. పిల్లల గొంతు రికార్డు చేసే ముందు తల్లిదండ్రుల్ని అడగండి. పేరు, ముఖం పంపకండి, పని కాగానే చెరిపేయండి.

సిగ్నల్ అందని ఊళ్లో పోస్టింగ్ వస్తే వీడియో కాల్ కోసం ఆగకండి. రికార్డింగ్ సిగ్నల్ ఉన్నచోటికి వచ్చాక పంపండి, జవాబు మర్నాడు వినండి. ఆలస్యంగా వచ్చే జవాబు ఆలోచించి చెప్పినదై ఉంటుంది.

భోజనాలకు వెళ్లేలోపు మీ బ్యాచ్‌లో ఒకరిని ఎంచుకోండి. డీఎస్సీ వచ్చి ఎవరికి ఏ జిల్లా పడినా, మొదటి ఏడాది ఒకరి పాఠం ఒకరు వింటామని మాట ఇచ్చిపుచ్చుకోండి. మూడేళ్ల అనుభవం వచ్చాక ఒక కొత్త టీచర్‌కు ఫోన్ చేసి, ‘ఈ వారం మీ క్లాసులో ఎవరు చదవలేకపోయారు?’ అని మీరే అడగండి.