దూకితే వచ్చే మార్కును ఎంత నమ్మాలి?

ఆటగాళ్ళ మోకాలికి గాయం ముప్పు ఉందేమో చూడటానికి ఒక పరీక్ష ఉంది. పేరు ల్యాండింగ్ ఎర్రర్ స్కోరింగ్ సిస్టమ్. 30 సెంటీమీటర్ల పెట్టె మీద నుంచి ముందుకు దూకాలి. కాళ్ళు నేలకు తగలగానే మళ్ళీ పైకి ఎగరాలి. మోకాళ్ళు లోపలికి వాలాయా? రెండు పాదాలూ ఒకేసారి ఆనాయా? తప్పు దొరికితే మార్కు పడుతుంది. అంటే ఇక్కడ ఎక్కువ మార్కులొస్తే సంబరపడకూడదన్నమాట!

మరి ఆ మార్కు నమ్మదగినదేనా? ఎవరు చూసినా, ఎన్నిసార్లు చూసినా దాదాపు ఒకే మార్కు రావాలి. వీడియో తీసి నెమ్మదిగా చూస్తే, శిక్షణ పొందినవారి మార్కులు బాగానే కలుస్తున్నాయి. ఇలాంటిదే ఇంకో పరీక్ష, టక్ జంప్, దాని సంగతి వేరు. మోకాళ్ళు పైకి లాగుతూ 10 సెకన్లు ఆగకుండా ఎగరాలి. ఆ వేగంలో కన్ను ఏ తప్పునని పట్టుకుంటుంది? అందుకే దాని ఫలితాలు అధ్యయనానికో తీరుగా ఉన్నాయి.

ఇంకో మాట. మార్కులు కలిసినంత మాత్రాన, ఫలానా ఆటగాడికి గాయమవుతుందని చెప్పలేం. నమ్మకం వేరు, జోస్యం వేరు.

కాబట్టి కోచ్‌లూ, ఒక్క మార్కు చూసి ఎవరినీ జట్టులోంచి తీసేయకండి. వీడియో తీయండి. ప్రతిసారీ ఒకరితోనే మార్కులు వేయించండి. అవే బూట్లు, అదే నేల ఉండేలా చూసుకోండి. ఆట అయిపోయి అలసిపోయాక మాత్రం దూకించకండి.