పడిపోయిన చెయ్యి

నాగాయలంకలోనో కోడూరులోనో ఒక పెద్దాయనకు మూతి వంకరపోయి, మాట ముద్దయి, చెయ్యి పడిపోతే అది పక్షవాతం కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడులోని రక్తపు గడ్డను కరిగించే మందుకు, లక్షణాలు మొదలైనప్పటి నుంచి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. పావురం రక్తం పూస్తూ ఆ సమయం పోగొట్టుకోవద్దు, అది పనిచేయదు.

గండం గడిచాక ఫిజియోథెరపిస్టు కండరాల బలానికి 0 నుంచి 5 దాకా గ్రేడు వేస్తారు. 0 అంటే కండరంలో చలనమే లేదు. 3 అంటే చెయ్యి తన బరువు తాను ఎత్తగలదు. రోగి ఏ పనికి తిరిగి వెళ్లాలనుకుంటున్నాడో కూడా అడగాలి. చేపల చెరువు గట్టున నడవాలా, వల అల్లాలా? సాధన దానిచుట్టూ సాగాలి. పదేపదే చేసిన పనినే మెదడు మళ్లీ నేర్చుకుంటుంది.

ఇంట్లోవాళ్లకు నా గట్టి విన్నపం: పడిపోయిన చెయ్యి పట్టి లాగి లేపకండి, భుజం కీలు దెబ్బతింటుంది. కూర్చున్నప్పుడు చేతికింద దిండు పెట్టండి. ఫిజియోథెరపీకి రోజూ గుడివాడకో మచిలీపట్నానికో రాలేకపోతే, వ్యాయామాలు నేర్చుకుని ఇంటి దగ్గరే చేయించండి.