ముందు ఒక వీధి, తరువాతే ఊరు



నా మొదటి కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను అమెరికా అంతటా ఒకేసారి అమ్మబోయాను. మా బావగారు ఇల్లు తాకట్టు పెట్టి ఇచ్చిన డబ్బు ఏడాదిలో ప్రకటనలకే కరిగిపోయింది.

అమెజాన్ 1995లో పుస్తకాలతోనే మొదలైంది. పాటల సీడీలు 1998లో గానీ రాలేదు. ఫేస్‌బుక్ 2004లో హార్వర్డ్ విద్యార్థులకే తెరిచి, 2006లో అందరినీ రానిచ్చింది. ఇంటికి కిరాణా చేర్చే వెబ్‌వాన్ మాత్రం మొదటి ఊళ్ళో లాభం చూడకముందే ఊరూరా గిడ్డంగులకు పూనుకుని, 2001లో దివాలా తీసింది.

రెండోసారి నేను ఒక్క ఊళ్ళోని పళ్ళ డాక్టర్లకే అమ్మాను. తప్పులు మొహం మీదే చెప్పారు, దిద్దుకున్నాను. పక్క ఊరి డాక్టర్లకు వాళ్ళే చెప్పారు. బావగారి బాకీ తీరింది.

యువమిత్రులారా, చిన్నగా మొదలుపెట్టండి. కానీ ఆ వీధి పక్కన ఇంకో వీధి ఉందో లేదో ముందే చూసుకోండి.