స్పానిష్ కామెంటరీ కోసం వెతికి... తెలుగులో ఫైనల్ చూశాం!

ఇవాళ మా అశోక్‌నగర్ రూమ్ కథ చెప్తా.

2022 డిసెంబర్ 18, రాత్రి ఎనిమిదిన్నర. అర్జెంటీనా, ఫ్రాన్స్ వరల్డ్ కప్ ఫైనల్. వారమంతా చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివి అలసిపోయిన ఐదుగురం. మెస్సీ ఫ్యాన్ ఒకడు, "మామా, స్పానిష్ కామెంటరీలో వింటేనే కిక్కు" అన్నాడు.

జియోసినిమాలో మ్యాచ్ ఫ్రీనే. కామెంటరీ మాత్రం ఇంగ్లిష్, హిందీ, తమిళం, మలయాళం, బెంగాలీలో. స్పానిష్ లేదు, తెలుగూ లేదు! గ్రూప్‌లో ఎవరో పంపిన స్పానిష్ లింక్ నొక్కితే, ఏదో ఏపీకే ఇన్‌స్టాల్ చెయ్యమంది. ఫోన్‌లో బ్యాంక్ యాప్ ఉంది కదా, వెంటనే క్లోజ్ చేశాం. మీరూ అదే చెయ్యండి.

నారాయణగూడ ఫ్రెండ్ దగ్గర హెచ్‌డీఎంఐ కేబుల్ తెచ్చి, ల్యాప్‌టాప్‌ని పాత టీవీకి కలిపాం. నెట్ నా ఫోన్ హాట్‌స్పాట్. ఇక్కడే లెక్క చూస్కోవాలి: 5 ఎంబీపీఎస్ వీడియో గంటకి 2.25 జీబీ తింటుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్ నలభై నిమిషాల్లో ఖతం! 1 ఎంబీపీఎస్‌కి తగ్గిస్తే గంటకి 450 ఎంబీయే. బొమ్మ కొంచెం మసక, కానీ ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీలదాకా ఆగలేదు.

మరి కామెంటరీ? టీవీ మ్యూట్ చేశాం. మా మెస్సీ ఫ్యానే తెలుగులో అందుకున్నాడు. 3-3, తర్వాత పెనాల్టీల్లో 4-2. వాడి గొంతు పోయింది, మాకు మాత్రం ఇప్పటికీ ఆ మ్యాచ్ అంటే వాడి గొంతే గుర్తొస్తది.

మీ రూమ్‌లో కామెంటేటర్ ఎవరు? చెప్పండి. ఉంటా మరి!